గౌరవ వేతనం

నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం చివర పదహారు పేజీల పదసూచిక ఉంది. 2016లో వైవాకి వచ్చిన పరీక్షకుడు అన్నిటికంటే ముందు దాన్నే మెచ్చుకున్నారు. "తెలుగు థీసిస్‌లో అకారాది ఇంత శుభ్రంగా ఉండడం నేను చూళ్ళేదమ్మా, ఎవరు చేశారు?" అన్నారు. "కంప్యూటరే చేసిందండీ" అనేశాను. గదిలో అందరూ నవ్వారు. వైవా సజావుగా అయిపోయింది.

కంప్యూటర్ చెయ్యలేదు. హాస్టల్లో నా పక్క గదిలో ఉండి ఎంసిఎ చదువుకున్న అమ్మాయి చేసింది. నాకంటే మూడేళ్ళు చిన్న. అప్పటికి తనకి పెళ్ళయి, ఉద్యోగం మానేసి, ఒళ్ళో ఏడు నెలల పాప. కృతజ్ఞతల పేజీలో తన పేరు వేశాను, వెయ్యకేం. గైడుగారి తర్వాత, లైబ్రరీ సిబ్బంది తర్వాత, "సాంకేతిక సహాయం" అన్న మాట పక్కన. ఆ మరుసటి ఏడే బ్రూస్ హాల్సింగర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పాత పరిశోధన గ్రంథాల కృతజ్ఞతల పేజీలు ఏరి బయటపెట్టారు. రాతప్రతి అంతా టైపు చేసినందుకు "నా భార్యకు" కృతజ్ఞతలు. ఆ భార్యకి పేరు కూడా లేదు. ఒకరి తర్వాత ఒకరు, అదే వాక్యం. మేం స్నేహితురాళ్ళం వాటిని ఒకరికొకరు పంపుకుని మండిపడ్డాం. నా థీసిస్ బీరువాలోనే ఉంది. తీసి చూడాలని నాకు తోచలేదు.

ఆ అమ్మాయి చేసిన పని ఏమిటో కొంచెం చెప్పాలి. మనలో చాలామంది పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ అక్షరాలు కంటికి తెలుగే గాని కంప్యూటర్‌కి తెలుగు కాదు. వెతకమంటే వెతకదు, వరసలో పెట్టమంటే పెట్టదు. నేను టెక్ వైపు వెళ్ళింది అందుకే. టెక్ అంటే పుస్తకాన్ని అచ్చుకి సిద్ధం చెయ్యడానికి డొనాల్డ్ క్నూత్ తయారు చేసిన చిన్న ప్రోగ్రామింగ్ భాష. 1977లో తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు వికారంగా వచ్చాయని ఆయన ఈ పని మొదలుపెట్టాడు. తను వాడుకోవడానికీ, తన రాతప్రతులు టైపు చేసే సెక్రటరీ ఫిలిస్ వింక్లర్ వాడుకోవడానికీ అనుకున్నానని ఆయనే చెప్పాడు. (చరిత్రలో ఒక మగవాడి సెక్రటరీ పేరు మనకి తెలియడం అరుదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.) 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టాడు. ఆ పైన ఉన్నదంతా ఎవరో ఒకరు రాసి ఊరికే ఇచ్చిందే. హీబ్రూ అచ్చు వెయ్యాలన్నా, చదరంగం గళ్ళు గియ్యాలన్నా, పద్యపాదాలకి అంకెలు వెయ్యాలన్నా ఒక చేర్పు ఉంటుంది. వాటిని ప్యాకేజీలంటారు. 1992 నుంచీ వాటినన్నిటినీ పోగుచేస్తున్న సీటాన్ అనే భాండాగారంలో ఇవాళ ఆరువేలకు పైగా ఉన్నాయి. రాసినవాళ్ళలో చాలామందికి దానికోసం జీతం లేదు. అదే టెక్‌తో విదేశీ జర్నళ్ళ పేజీలు కూర్చే కంపెనీలు మాత్రం త్రివేండ్రంలో, చెన్నైలో నడుస్తున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళకి నెలజీతం. ఆ జర్నళ్ళ ప్రచురణకర్తలకి లాభం.

తెలుగు సంగతికొస్తే, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి ఏర్పరిచారు. ఆర్‌టిఎస్ అని ఇప్పటికీ చాలామంది వాడేది అదే. అదీ ఊరికే ఇచ్చిందే. 2004లో జొనాథన్ క్యూ జీటెక్ తెచ్చాక యూనికోడ్ తెలుగుని నేరుగా అచ్చుకి పంపే వీలొచ్చింది. చిక్కంతా సూచిక దగ్గర. యూనికోడ్ వరసలో ళ వచ్చి వ కంటే ముందు కూచుంటుంది. ఱ వచ్చి ర పక్కన చేరుతుంది. బడిలో మనం హ, ళ, క్ష, ఱ అని చివర్న నేర్చుకున్నాం. క్షమ అనే మాట క కింద ఉండాలా, చివర ఉండాలా? అంకం ముందా, అకారం ముందా? అరసున్న ఉన్న పాత రూపం, లేని కొత్త రూపం ఒకచోటే రావాలా? తను ఈ ప్రశ్నలన్నీ నన్నడిగేది. నేను నిఘంటువులు తిరగేసి చెప్పేదాన్ని. పాప పడుకున్నాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూచుని మూడు వందల చిల్లర లైన్లు రాసింది. నా సూచిక అలా వచ్చింది.

తర్వాత అది నా దగ్గర్నుంచి ఇంకొకరికి, వాళ్ళ నుంచి మరొకరికి వెళ్ళింది. అందరూ తనకి రాసేవాళ్ళు. "మేడమ్, ఎల్లుండి సబ్మిషన్, జ్ఞ కింద ఉన్న మాటలన్నీ మాయమయ్యాయి." తను జవాబిచ్చేది. ఎందుకిచ్చేదో నేను ఆరేళ్ళు అడగలేదు. ఇష్టంతో చేస్తోందిగా అనుకున్నాను.

ఇష్టంతో చేస్తోంది. ఈ మాటని మనం ఎన్ని వ్యాసాల్లో చీల్చి చెండాడి ఉంటాం! 1972లో సెల్మా జేమ్స్, మరియారోసా దల్లా కోస్తా మొదలైనవాళ్ళు ఇటలీలో పాడువాలో కలిసి ఇంటిపనికి వేతనం అడిగే ఉద్యమం మొదలుపెట్టారు. 1975లో సిల్వియా ఫెదరిచీ ఇంకో మెట్టు ముందుకి వెళ్ళింది. దాన్ని ప్రేమ అంటున్నంతకాలం అది పని అని కనపడదు, పని అని కనపడనంతకాలం చెయ్యననడం కుదరదు అని ఆమె వాదన. వేతనం అడగడం ఎక్కువ చెయ్యడానికి కాదు, కాదనగలగడానికి. నేను ఎం.ఎ. విద్యార్థులకి ప్రతి ఏడూ ఈ పాఠం చెప్తాను. 2019 కాల వినియోగ సర్వే లెక్కలు బోర్డు మీద రాస్తాను. ఇంటిల్లిపాదికీ జీతంలేని చాకిరీ చెయ్యడానికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97. 2021 జనవరిలో సుప్రీంకోర్టు గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టాలని చెప్పిన తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెల్నే ఉటంకించారని కూడా చెప్తాను.

క్లాసు అయ్యాక గదికొచ్చి, తనకి మెయిలు రాసేదాన్ని: "అమ్మలూ, ఇంకో విద్యార్థికి చిన్న సాయం కావాలి."

ఈ ప్యాకేజీలు రాసే లోకంలో ఉచితంగా చెయ్యడానికి ఒక ప్రతిష్ఠ ఉంది. కాదనను. కానీ ఆ ప్రతిష్ఠ ఎవరిదో చూడాలి. 2017లో గిట్‌హబ్ చేసిన సర్వేలో ఇలాంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు 3 శాతం. రాత్రి రెండు గంటలు తనవి అనుకోగలిగినవాడే ఆ రెండు గంటల్ని దానం చెయ్యగలడు. మగవాడు ఊరికే చేస్తే దానం అంటారు, అది చూపించి ఉద్యోగం కూడా తెచ్చుకోవచ్చు. ఆడది ఊరికే చేస్తే ఆమె స్వభావమే అంత అంటారు. అయితే దాతలైన మగవాళ్ళంతా సుఖంగా ఉన్నారనీ అనలేను. ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాధనాన్ని ఏళ్ళ తరబడి ఒక్కడే ఊరికే నడుపుకొస్తున్న మనిషిని 2022లో కొందరు ఇంకా ఎందుకు చెయ్యలేదని మీదపడి సతాయించారు. తనకి మానసికంగా బాగాలేదనీ, ఇది జీతంలేని వ్యాపకమనీ ఆయన రాసుకున్నాడు. సాయం చేస్తానని దగ్గరైన అజ్ఞాతవ్యక్తి ఆ సాధనంలో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో అది బయటపడింది. ఆ సతాయింపు రాతలు చదువుతుంటే నాకు ఎక్కడో విన్న గొంతులాగే అనిపించింది. కాఫీ ఇంకా కాలేదా అని హాల్లోంచి వినపడే గొంతు.

2022లోనే మాకొక ప్రాజెక్టు వచ్చింది. పాత స్త్రీల పత్రికలకి విషయసూచిక. హిందూసుందరి, గృహలక్ష్మి లాంటి వాటిలో పేరుతోనూ పేరు లేకుండానూ రాసినవాళ్ళందర్నీ ఒకచోట చేర్చడం. సూచిక అంటే తను రాసిన చేర్పే ఆధారం. సాఫ్ట్‌వేర్ పద్దు కింద కొంత డబ్బుంది. తనకి నెలకింత అని ఇద్దామని ప్రతిపాదించాను. మా బృందంలో పెద్దావిడ, స్త్రీల శ్రమ మీద నాకంటే ముందు, నాకంటే బాగా రాసిన మనిషి, "ఆసక్తితో చేస్తోంది కదమ్మా, డబ్బు మాట ఎత్తితే చిన్నబుచ్చినట్టుంటుందేమో" అన్నారు. నాకు చివుక్కుమంది. కానీ ఆ మాట నాకూ సగం నిజమే అనిపించిందన్నది ఇక్కడ దాచను.

తనకి ఫోన్ చేశాను.

"ఆ డబ్బు తీసుకుంటే ఎన్నాళ్ళు చెయ్యాలి అక్కా?"

"ప్రాజెక్టు రెండేళ్ళు."

"అదే చూడు. ఇప్పుడు పాపకి జ్వరం వస్తే వారం రోజులు నీకు జవాబివ్వను. నువ్వేం అనవు. డబ్బు పుచ్చుకున్నాక అంటావు."

"నేనెందుకంటాను?"

"నువ్వనవులే. మీ ఎక్సెల్ షీట్ అంటుంది."

వద్దంది. నాకు డెబియన్ గొడవ గుర్తొచ్చింది. డెబియన్ అంటే ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. 2006లో కొత్త కూర్పు త్వరగా రావాలని, దాన్ని చూసుకునే ఇద్దరికి చెరో నెలకీ డబ్బిచ్చి పూర్తికాలం పని చేయించాలని కొందరు చందాలు పోగుచేశారు. మిగిలినవాళ్ళకి కోపం వచ్చింది. వాళ్ళకిచ్చి మాకివ్వకపోతే మేం చేసేది ఏమిటి, పనా కాలక్షేపమా అన్నారు. కొందరు నిరసనగా పని తగ్గించేశారు. 2006 డిసెంబరు 4న రావాల్సిన కూర్పు 2007 ఏప్రిల్ 8న వచ్చింది. డబ్బే దీనికి కారణమని చెప్పలేం గాని, డబ్బు పనిని వేగిరపరచలేదన్నది మాత్రం నిజం. ఈ కథ చెప్పి చాలామంది "చూశారా, స్వచ్ఛంద సేవలోకి డబ్బు రాకూడదు" అంటారు. నాకు వేరేగా కనపడుతుంది. డబ్బు రాకముందు అక్కడ సమానత్వం ఉందని కాదు. ఎవరికి వేరే జీతం ఉంది, ఎవరి ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు అన్నది ఎవరూ అడగనక్కర్లేకుండా గడిచింది, అంతే. డబ్బు వచ్చేసరికి ఎవరి పనికి ఎంత అన్న లెక్క బయటికొచ్చింది.

క్నూత్ ఇచ్చే చెక్కుల కథ ఇంకో రకం. తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్ళకి తప్పుకి 2 డాలర్ల 56 సెంట్లు పంపేవాడు. టెక్‌లో తప్పు పట్టినవాళ్ళకి ఇచ్చేది ఏటేటా రెట్టింపు చేసుకుంటూ పోయి 327 డాలర్ల 68 సెంట్ల దగ్గర ఆపాడు. చాలామంది వాటిని మార్చుకోలేదు, పటం కట్టించుకున్నారు. 2008 నుంచీ అసలు చెక్కులు మానేసి, ఎక్కడా లేని ఒక కల్పిత బ్యాంకు పేరుతో పత్రాలు ఇస్తున్నాడు. ఎవరికీ లోటు అనిపించలేదు. నాకు ఆ కథ చాలాకాలం ఎంతో అందంగా ఉండేది. కానీ చెక్కుని గోడకి తగిలించుకోవాలంటే ఆ నెల పాలవాడికి ఇవ్వడానికి వేరే డబ్బు ఉండాలి కదా. ఈ వ్యాసానికీ నాకు పారితోషికం రాదు, నేను అడగను కూడా. నెలజీతం ఉన్నదాన్ని.

నాలుగు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది.

"ఇవ్వండి అక్కా. తీసుకుంటాను."

ఏం జరిగిందని అడిగాను. ఏమీ జరగలేదంది. అత్తగారికి ఆ ఏడు పక్షవాతం వచ్చింది. మధ్యాహ్నం ఆవిడ పడుకున్నాక తను కంప్యూటర్ తెరుస్తుంది. వాళ్ళాయన చెడ్డవాడేం కాదు. "ఖాళీగానే ఉన్నావుగా, కొంచెం బ్యాంకుకి వెళ్ళిరా" అంటాడు. ఆడపడుచు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడుతుంది. "ఇది పని అని చెప్తే నవ్వుతారక్కా. ఎవరిస్తున్నారు డబ్బులు అంటారు. ఎవరో ఒకరు ఇస్తున్నారంటే నేను తలుపేసుకోవచ్చు."

నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు అలా కూచున్నాను. మొదటిసారి వద్దన్నదీ, రెండోసారి కావాలన్నదీ ఒకే కారణానికి. డబ్బు తీసుకుంటే మాకు కాదు అనే హక్కు పోతుంది. తీసుకోకపోతే ఇంట్లో కాదు అనే హక్కు రాదు. స్వచ్ఛంద శ్రమకి డబ్బివ్వచ్చా అని తెలివైనవాళ్ళు వాదించుకునేటప్పుడు ఈ రెండో తలుపు ఎవరికీ గుర్తుండదు. వాళ్ళ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది మరి.

చివరికి తనే ఒక దారి చెప్పింది. "చేసినదానికి ఇవ్వండి. చెయ్యబోయేదానికి వద్దు." ఒక కాగితం మీద లెక్క రాసి పంపింది. మొత్తం 212 గంటలు. ఉద్యోగం మానేనాటికి తన జీతం నెలకి నలభై వేలు, నెలకి 176 గంటలు. అంటే గంటకి 227 రూపాయలు. మొత్తం 48,124. కింద ఒక వాక్యం: ఇకముందు నాకు ఎలాంటి బాధ్యతా లేదు. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. జీవితంలో నేనింతవరకూ ఎవరికీ అలాంటి కాగితం రాసివ్వలేదు.

అకౌంట్స్ వాళ్ళు నవ్వలేదు గాని నవ్వినంత పని చేశారు. ఆరేళ్ళ క్రితం, ప్రాజెక్టు పుట్టకముందు చేసిన పనికి బిల్లా? పోనీ కొనుగోలు అనుకుంటే మూడు కొటేషన్లు తేవాలి. ఆ పని చేసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, మిగతా రెండు కొటేషన్లు ఎవరి దగ్గర్నుంచి తేవడం? చివరికి ఒక పద్దు దొరికింది. గౌరవ వేతనం. గరిష్ఠం 5,000.

ఆ మాట మన ప్రాంతంలో ఆడవాళ్ళకి కొత్తది కాదు. 1975లో అంగన్‌వాడీలు మొదలైన నాటినుంచీ అక్కడ పనిచేసే స్త్రీలు ఉద్యోగులు కారు, గౌరవ కార్యకర్తలు. వాళ్ళకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. పిల్లలకి తిండి పెట్టి, బరువులు తూచి, రిజిస్టర్లు రాసి, ఎన్నికల డ్యూటీ చేస్తే వచ్చేది గౌరవం. వాళ్ళకి గ్రాట్యుటీ చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకి దిగి 42 రోజులు కూచున్నారు. జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా పెట్టింది, అత్యవసర సేవలు కనక ఆపకూడదని. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకులు, పని ఆపినప్పుడు అత్యవసర సేవకులు. గౌరవం అన్న మాట వేతనం ముందు ఎందుకు చేరిందో ఆ 42 రోజుల్లో బాగా తెలిసింది. నేను మా స్నేహితురాలి పనినీ వాళ్ళ పనినీ ఒక గాటన కట్టడం లేదు. తను లెక్క కాగితం రాయగలిగింది, వాళ్ళని రాయనివ్వరు. ఆ 5,000 పద్దు కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు మాత్రం చెయ్యి కొంచెం ఆగింది.

మిగిలింది నేనిస్తానన్నాను. "నీ జేబులోంచి అయితే వద్దక్కా, అప్పుడది మళ్ళీ నీకూ నాకూ మధ్య ప్రేమే అవుతుంది" అంది. ఎవరు వాడుకున్నారో వాళ్ళందరి మీదా పంచమంది. తనకి తెలిసి పన్నెండు మంది. ప్రాజెక్టు ఇచ్చిన 5,000 తీసేస్తావా అంటే, అది ప్రాజెక్టు వాడుకున్నందుకు, దీన్లో కలపొద్దంది. మనిషికి 4,010 రూపాయలు. పదకొండు మందికి నేనే ఉత్తరాలు రాశాను. సిగ్గుపడుతూనే రాశాను. డబ్బడిగే ఉత్తరం ఇంత కష్టమని అప్పుడే తెలిసింది. నాతో కలిపి ఎనిమిది మంది ఇచ్చారు. ఒకరు చీర పంపారు, మంచి వెంకటగిరి చీర. ముగ్గురి నుంచి ఇప్పటికీ జవాబు లేదు. అందులో ఒకాయన అదనపు విలువ మీద పుస్తకం రాశాడు.

ఆ డబ్బుతో తను ఏం చేసిందంటే, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అత్తగార్ని చూసుకోవడానికి ఒకావిడని పెట్టుకుంది. ఆ రెండు గంటలూ గది తలుపేసుకుంటుంది. కొత్తగా అరసున్న సంగతి తేలుస్తోంది. ఎవరూ అడగలేదు, బాధ్యత లేదని రాసిచ్చిన మనిషే, తనకి తేలాలి కనక చేస్తోంది. వచ్చే ఆవిడకి గంటకి ఎనభై రూపాయలు. ఆ చుట్టుపక్కల రేటు అంతేనట.

పోయిన నెల ఫోన్లో చెప్పింది. అత్తగారికి ఒంట్లో బాగాలేక ఒక ఆదివారం ఆవిడ్ని పిలిస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండి, వెళ్ళేటప్పుడు, "దీనికి వేరే ఇస్తారా అమ్మా, లేక ఊరికేనా" అని అడిగిందట.

"నువ్వేమన్నావు?"

"ఒక్క క్షణం నాకు కష్టంగా అనిపించిందక్కా. ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నాం కదా అనిపించింది."

"తర్వాత?"

ఇచ్చిందట. గంటకి ఎనభై చొప్పునే.